కడుపుకి కాపలా ఎవరు?



మనం తిన్న మాంసాన్ని కడుపు అరిగించేస్తుంది. కడుపు కూడా మాంసమే కదా! మరి తనని తాను ఎందుకు అరిగించుకోదు? ఎప్పుడైనా ఆలోచించారా?

మన జీర్ణాశయంలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరుతుంది. అది గోడకి తగలకుండా లోపల ఒక జిగురు పొర కప్పి ఉంటుంది. దాని కింద కణాలు పాడైతే వారం లోపే కొత్తవి పుడతాయి. ఇదే కడుపుకి కాపలా. ఈ కాపలా తప్పిన చోట ఆమ్లం గోడని తినేస్తుంది. అలా పడ్డ పుండునే అల్సర్ అంటారు.

కాపలాని చెడగొట్టేవి ఏవి?

కారం తింటే అల్సర్ వస్తుందని అందరూ అంటారు. కారం మంటని పెంచవచ్చు గాని, అసలు కారణం అది కాదు. ముఖ్య కారణాలు రెండు.

ఒకటి, హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే డాక్టర్లు 1982లో దీన్ని కనిపెట్టారు. ఆమ్లంలో సూక్ష్మజీవి బతుకుతుందంటే చాలామంది నమ్మలేదు. అందుకని 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తానే తాగేశారు! కొద్దిరోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి, కడుపు గోడ వాచింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

రెండోది, నొప్పి మాత్రలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి జిగురు పొరని పలచన చేస్తాయి. తలనొప్పి అనీ, కాలు నొప్పి అనీ మనలో కొందరు ఎవరికీ చెప్పకుండా పరగడుపునే ఇవి మింగుతున్నారు. ఇది చాలా ప్రమాదం.

ఉసిరికాయ ఏం చేస్తుంది?

బ్యాక్టీరియా చేరిన చోట మన తెల్ల రక్తకణాలు యుద్ధం చేస్తాయి. అప్పుడు ఫ్రీ రాడికల్స్ అనేవి పుట్టి మన కణాలనే దెబ్బతీస్తాయి. వాటిని అణిచేవే యాంటీ ఆక్సిడెంట్లు. వంకాయ కోసి వదిలేస్తే నల్లబడుతుంది కదా? నిమ్మరసం పిండితే అంత తొందరగా నల్లబడదు. నిమ్మలోని పులుపుతో పాటు విటమిన్ సి కూడా అందుకు కారణం. ఆ విటమిన్ సి ఒక యాంటీ ఆక్సిడెంటే. ఉసిరికాయ, జామకాయల్లో అది బాగా దొరుకుతుంది. ఆకుకూరల్లో కూడా యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి.

అయితే ఒక్క మాట. ఇవి కాపలాకి సాయం చేస్తాయి గాని పుండుని మాన్పవు. బ్యాక్టీరియా వల్ల వచ్చిన అల్సర్‌కి డాక్టరు యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గించే మందు కలిపి సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు. పుండు ఉన్నవాళ్ళకి పులుపు మంట పెడితే అది కూడా మానాలి.

గుర్తుంచుకోండి:

1. అన్నానికి ముందు, దొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. మంచి నీళ్ళే తాగాలి.
2. నొప్పి మాత్ర సొంతంగా వేసుకోకూడదు.
3. పొద్దున టిఫిన్ మానకూడదు.
4. బొడ్డు పైన మంట తరచు వస్తున్నా, రక్తం వాంతి అయినా, విరేచనం తారులా నల్లగా అయినా వెంటనే వార్డెన్ గారికి చెప్పాలి. ఐరన్ మాత్రల వల్ల కూడా విరేచనం నల్లగా రావచ్చు. అది తేల్చేది డాక్టరు గారే, మనం కాదు.

దొడ్డి సంగతి చెప్పడానికి సిగ్గెందుకు? సిగ్గుపడి దాచుకుంటే పుండు లోపలే పెరుగుతుంది. మీ పక్క మంచం వాళ్ళు కడుపు పట్టుకుని పడుకుంటే, వాళ్ళు చెప్పకపోయినా మీరు చెప్పండి.