వానాకాలపు చేలూ, నక్కా, తుపాకీ గుండూ

ఉత్తర అమెరికాలో గొర్రెల మందలపై పడుతుందన్న కారణంతోనూ, బొచ్చు కోసమూ తుపాకీకి గురయ్యే కయోటీ అనే జంతువు మన నక్కకు దగ్గరి బంధువు. దానిని వేటాడటానికి అక్కడివారు ఎక్కువగా చిన్న కాలిబర్ రైఫిల్ వాడతారు. కాలిబర్ అంటే తుపాకీ గొట్టపు లోపలి వ్యాసం. సుమారు 5.7 మిల్లీమీటర్ల వ్యాసమూ, మూడు నాలుగు గ్రాముల బరువూ గల గుండు సెకనుకు దాదాపు కిలోమీటరు వేగంతో వెళ్తుంది కనుక, తక్కువ అదురుతోనే దూరపు గురి సాధ్యమవుతుంది.

అలాంటి తుపాకీని మన వానాకాలపు చేలలో పేల్చినా, వానచినుకులు ఆ గుండు దారిని పెద్దగా మార్చవు. అసలు ముప్పు గొట్టంలో చేరే నీటితోనూ, నీరు నిలిచిన నేలతోనూ వస్తుంది. నీరు అడ్డుపడితే పేలుడు వాయువుల ఒత్తిడి పెరిగి గొట్టమే చీలిపోవచ్చు. నీటి పైపొరను ఏటవాలుగా తాకిన గుండు అందులో మునగక ఎగిరి, ఊహించని దిక్కుకు దూసుకుపోవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో వరి పండే బోనకల్ వంటి ప్రాంతంలో, నిండిన మడికి అవతలి గట్టున నాట్లు వేసే కూలీలో, గొర్రెల కాపరో ఉండే కాలమది. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన మందుతో పేలే నాటు తుపాకీ మరింత ప్రమాదకరం. చెమ్మ పీల్చిన మందు వెంటనే అంటుకోక, ఆలస్యంగా, గొట్టం మరోవైపు తిరిగాక పేలవచ్చు.

అన్నిటికీ మించి, మన దేశంలో నక్క వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ నక్కను మొదటి షెడ్యూలులో, అంటే అత్యున్నత రక్షణ గల జంతువుల జాబితాలో చేర్చింది. ఆ జాబితాలోని జంతువును వేటాడితే కనీసం మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా తప్పవు. కేవలం పంట నష్టం దీనికి మినహాయింపు కాజాలదు. ఆ జంతువు మనిషి ప్రాణానికి అపాయకరంగా మారినప్పుడో, కోలుకోలేనంతగా జబ్బుపడినప్పుడో, వికలమైనప్పుడో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వేటకు అనుమతి ఇవ్వగలరు.

ఈ రక్షణ రైతుకు నష్టం కాదు. నక్క పుచ్చకాయనో, మొక్కజొన్న కంకినో కొరికినా, దాని ఆహారంలో పెద్ద వాటా ఎలుకలదే. వరి గట్లలో బొరియలు తవ్వి, పిలకల్ని కొరికే ఎలుకను రాత్రివేళ పట్టేవాటిలో అదీ ఒకటి. రాత్రిపూట గొర్రెపిల్లలనూ కోళ్లనూ గట్టి దొడ్డిలో మూయడం, చచ్చిన పశువును లోతుగా పాతిపెట్టడం, చేనుకు కరెంటు తీగ చుట్టే ప్రాణాంతక అలవాటును మానడం మన చేతిలో ఉన్న పనులు. వీటిని శ్రద్ధగా చేసే ఊరికి నక్కతో వచ్చే నష్టం తగ్గుతుంది, ఎలుకలపై దాని కాపలా మాత్రం మిగులుతుంది.