డ్రమ్ములో ఉన్నది ఆల్కహాలా, ఆమ్లమా? స్ప్రే కొట్టే ముందు చూసుకోండి

పోయినేడాది నేనొక పొరపాటు చేశాను. పండ్లు, బెల్లం వేసి పులియబెట్టిన ద్రావణం నెల దాటి నిలవుంటే, ఎప్పటి లెక్కలోనే నీళ్లు కలిపి మిర్చి నారు మీద కొట్టేశాను. రెండో రోజుకి ఆకుల అంచులు మాడిపోయాయి. డ్రమ్ము అదే, లోపలి సరుకు మారిపోయింది. పరీక్షలు వీడియోలో చూపించాను, కారణం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చి గ్యాస్ వదులుతుంది. అప్పుడు మూత బిగిస్తే డ్రమ్ము ఉబ్బుతుంది. తర్వాత గాలి తగిలితే వేరే బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. కల్లు నిలవుంటే వెనిగర్‌లా పుల్లబడేది ఇలాగే.

రెండింటిలోనూ కార్బన్లు రెండే, ఓహెచ్ గుంపు కూడా ఉంది. కానీ ఆమ్లంలో ఆ ఓహెచ్ పట్టుకున్న కార్బన్‌కే ఇంకో ఆక్సిజన్ డబుల్ బాండ్‌తో ఉంటుంది. అది ఎలక్ట్రాన్లను లాగడంతో ఓహెచ్‌లోని హైడ్రోజన్ నీళ్లలో సులువుగా విడిపోతుంది. పులుపంతా దానిదే.

తేడాలు ఇవీ:

లిట్మస్: ఆల్కహాల్ రంగు మార్చదు. ఆమ్లం నీలం కాగితాన్ని ఎర్రగా చేస్తుంది.

తినే సోడా: ఆమ్లంలో బుసబుసా పొంగుతుంది, ఆల్కహాల్‌లో పొంగదు.

మరిగే వేడి: ఆల్కహాల్ 78 డిగ్రీలు, ఎసిటిక్ ఆమ్లం 118. ఆమ్లం అణువులు జంటలుగా పట్టుకుని ఉంటాయి, అందుకే తొందరగా ఆవిరవ్వవు.

పాత్ర: ఆమ్లం ఇనుము, రాగి, ఇత్తడిని తినేస్తుంది. ప్లాస్టిక్ గానీ గాజు గానీ వాడండి.

ఒక్క జాగ్రత్త. మన డ్రమ్ములో రెండూ కలిసే ఉంటాయి, పండ్ల పులుపూ ఉంటుంది. కాబట్టి లిట్మస్ ఎలాగూ ఎర్రబడుతుంది. ఆమ్లం ఎంత ఉందో తెలియాలంటే పీహెచ్ పేపర్ పెట్టండి. నీళ్లు కలిపాక మళ్లీ చూడండి. ఎసిటిక్ బలహీన ఆమ్లం, ఉత్త నీళ్లలో పదింతలు పల్చన చేసినా పీహెచ్ సుమారు అర పాయింటే పెరుగుతుంది. బోరు నీళ్లలో ఉప్పులుంటే ఇంకాస్త పెరగొచ్చు.

ముక్కుకి ఘాటుగా వెనిగర్ వాసన కొడితే పాత లెక్క మర్చిపోండి. ముందు నాలుగు మొక్కల మీద కొట్టి, రెండు రోజులు ఆగి చూడండి. నారు పోయాక బాధపడి లాభం లేదు.