పండగ సెలవుల్లో పిల్లలతో మ్యూజియానికి: వెళ్లే ముందు ఈ సంగతులు తెలుసుకోండి

ఈద్ నమాజ్ అయింది, షీర్ ఖుర్మా తాగేశారు, చుట్టాలు వచ్చి వెళ్లారు. మర్నాడు పొద్దున్నే పిల్లలు మొదలెడతారు: "అబ్బా, ఇవాళ ఎక్కడికి తీసుకెళ్తారు?" పట్టిసీమ చుట్టుపక్కల కుటుంబాల దగ్గర దీనికి జవాబు దాదాపు ఒకటే. గోదావరి రేవు, లేదంటే రాజమండ్రిలో సినిమా. అదే రాజమండ్రిలో, గోదావరి దగ్గర్లోనే ప్రభుత్వ మ్యూజియం ఉందన్న సంగతి చాలామందికి గుర్తే రాదు.

ఫ్యామిలీ డే అంటే ఏంటి?

పెద్ద మ్యూజియంలు ఏడాదిలో కొన్ని రోజులు కుటుంబాల కోసం ప్రత్యేకంగా పెడతాయి. ఆ రోజుల్లో పిల్లలు అద్దాల బీరువాలు చూసి ఊరికే వెళ్లిపోరు. మట్టితో బొమ్మలు చేస్తారు, పాత లిపిలో తమ పేరు రాసుకుంటారు, కథలు వింటారు. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ ఆసియా కళల మ్యూజియం నౌరూజ్ పండగను ఇలాగే పాటలు, కథలు, చేతిపనులతో జరిపింది.

మన దగ్గర ఇలాంటి కార్యక్రమాలకు మూడు సందర్భాలు ఉన్నాయి. మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, ఇది 1977లో మొదలైంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినోత్సవం. నవంబర్ 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు. వీటిలో మే 18 వేసవి సెలవుల్లో వస్తుంది కాబట్టి బడి మానిపించాల్సిన పని లేదు.

దగ్గర్లో ఏముంది?

రాజమండ్రి మ్యూజియానికి రాళ్ళబండి సుబ్బారావు పేరు పెట్టారు. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిన చరిత్రకారుడు ఆయన. ఇక్కడ రాతి శిల్పాలు, నాణేలు, తాళపత్రాలు చూడొచ్చు. పట్టిసీమ నుంచి తాళ్లపూడి, కొవ్వూరు మీదుగా గోదావరి వంతెన దాటితే చాలు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

అదే ట్రిప్పులో రాజమండ్రి పాత మసీదు కూడా చూపించండి. అక్కడి శాసనం మీద హిజ్రీ 724, రంజాన్ నెల అని ఉంది, అంటే క్రీ.శ. 1324. మన వాళ్లు ఈ గడ్డ మీదకి నిన్న మొన్న వచ్చినవాళ్లు కారని చెప్పడానికి ఏడొందల ఏళ్ల నాటి ఆ రాయి చాలు. బడిలో ఎవరైనా ఏదైనా అంటే పిల్లల దగ్గర కోపం ఒక్కటే కాదు, జవాబు కూడా ఉండాలి.

హైదరాబాద్ వెళ్లే వీలుంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951 డిసెంబర్ 16న మొదలైంది. అక్కడి చేతిరాత ఖుర్ఆన్ ప్రతులను నానీ, దాదీలకు కూడా చూపించాలి. గంట కొట్టే బొమ్మ ఉన్న గడియారం ముందు నుంచి చిన్నపిల్లలు కదలరు.

శుక్రవారం వెళ్లకండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. "జుమా చదివి అటునుంచి అటే వెళ్దాం" అనుకుంటారు. సాలార్‌జంగ్ మ్యూజియానికి వారపు సెలవు శుక్రవారమే. అమరావతి, నాగార్జునకొండ మ్యూజియంలకూ అంతే. రాజమండ్రికి బయల్దేరే ముందు కూడా సెలవు ఏ రోజో కనుక్కోండి. ఈద్ రోజు ప్రభుత్వ సెలవు, కాబట్టి తలుపులు మూసి ఉండొచ్చు. పండగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కనుక మర్నాడు ఏ వారం పడుతుందో క్యాలెండర్ చూసుకున్నాకే ఆటో మాట్లాడుకోండి.

శిల్పాలు ఉన్నచోటికి వెళ్లొచ్చా?

కొన్ని ఇళ్లల్లో పెద్దలు అడిగే ప్రశ్న ఇది. మ్యూజియంలో పూజ జరగదు. అక్కడున్నవి పాతకాలపు వస్తువులు, చరిత్రకు ఆధారాలు. భూమ్మీద తిరిగి ముందటి జాతులు ఏమయ్యాయో చూడమని ఖుర్ఆన్ చాలాచోట్ల చెప్తుంది. అప్పటికీ సందేహం ఉంటే మీ మసీదు ఇమాం సాబ్‌ని అడగండి.

మనమే అడగొచ్చు

చిన్న మ్యూజియంలో ఫ్యామిలీ డే దానంతటదే రాదు. జనం రాకపోతే ఎవరి కోసం పెడతారు? మసీదు కమిటీ గానీ, మదరసా గానీ, బడి గానీ ముందుగా ఒక లెటర్ రాసి, ఎంతమంది పిల్లలు వస్తారో, ఏ రోజు వస్తారో చెప్పి, వివరించే మనిషి కావాలని అడగొచ్చు. పక్కింటి హిందూ, క్రైస్తవ పిల్లల్ని కూడా కలుపుకుంటే గుంపూ పెద్దదవుతుంది, బండి ఖర్చూ తగ్గుతుంది.

తిరిగి వచ్చాక పిల్లల్ని ఒక్క మాట అడగండి: "నీకు బాగా నచ్చిందేంటి, ఎందుకు?" వాళ్లు చెప్పేది వినండి. మళ్లీ వెళ్లాలో లేదో అక్కడే తెలిసిపోతుంది.