టికెట్ కొనని పక్షులు

కిషన్‌బాగ్‌లో ఎవరినైనా 'మీ ఏరియాలో చూడ్డానికి ఏముంది?' అని అడగండి. తడుముకోకుండా 'జూ' అంటారు. నిజమే, 1963 నుంచీ నెహ్రూ జూ పార్కు అక్కడే ఉందాయె. దాదాపు 380 ఎకరాలు! కానీ అందరి ఫోన్లలోనూ అవే ఫొటోలు: బోనులో పులి, పక్కన మనం, వెనకాల ఎవరిదో చెయ్యి.

ఈసారి బోనులు వదిలేసి చూడండి. చెట్ల మీద కొంగలు, గట్టున రెక్కలు ఆరబెట్టుకునే నీటికాకులు, తీగ మీద లకుముకి పిట్ట... ఇవేవీ జూ పెంచినవి కావు. పక్కనే ఉన్న మీరాలం చెరువు నుంచి టికెట్ కొనకుండా వచ్చేసినవి. అసలైన అడవి అదే.

వాటిని తీయడానికి పెద్ద కెమెరా అక్కర్లేదు గానీ, ఓపిక కావాలి. గేటు తెరిచిన మొదటి గంటలోనే వెళ్లిపోండి. తెల్ల కొంగను తీస్తే ఫోన్‌లో ఉత్త తెల్లమచ్చలా వస్తుంది కదా? పిట్ట మీద వేలు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురును కాస్త కిందికి జరపండి. ఈకలు విడివిడిగా కనిపిస్తాయి. ఎగిరేటప్పుడైతే బర్స్ట్ మోడ్. ఇరవైలో ఒక్కటి బాగా వచ్చినా పండగే. జూమ్ మాత్రం లాగకండి, పిక్సెళ్లు పగిలిపోతాయి. పిట్ట చిన్నగా ఉన్నా పర్లేదు, చుట్టూ ఉన్న నీళ్లు, రాళ్లే కథ చెబుతాయి. ఆ గుండ్రాళ్లు మామూలువా? దక్కన్ గ్రానైట్, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు!

చెరువు సంగతి వేరే చెప్పాలి. నిజాం దివాన్ మీర్ ఆలం పేరున 1806 ప్రాంతంలో కట్టారు. ఆనకట్ట నేరుగా ఉండదు, 21 అర్ధచంద్రాకార కమానులు వరసగా నిలబడి నీళ్లను ఆపుతాయి. ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) రాకముందు నగరం దాహం తీర్చింది ఈ నీళ్లే. ఇప్పుడు మురుగు, గుర్రపుడెక్క. చాలామంది ఆ పచ్చదనాన్ని ఫ్రేమ్‌లోంచి కోసేస్తారు. వద్దు, ఉంచండి. నెలకోసారి అదే చోట నిలబడి, అదే కోణంలో తీయండి. ఏడాదికి పన్నెండు ఫొటోలు. చెరువు తగ్గిందో పెరిగిందో వాదించక్కర్లేదు, చూపించొచ్చు. పైగా చెరువు మీదుగా వంతెన వేసే ప్రణాళిక కూడా ఉంది. ట్రాఫిక్‌కి మంచిదే కావచ్చు. కానీ వంతెన లేని మీరాలం ఎలా ఉండేదో రేపు అడిగితే మీ గ్యాలరీలోనే దొరకాలి.

ఒక్క మాట. గూడు ఫొటోలకు లొకేషన్ పెట్టకండి. పది లైకులకు ఆశపడితే మర్నాడు పదిమంది కొమ్మ ఊపుతుంటారు. ఫ్లాష్ కూడా వద్దు.

అన్నట్టు, సోమవారం వెళ్లకండి. జూకి సెలవు. పిట్టలకు లేదనుకోండి!