తుంటి విరిగితే మంచం పట్టనక్కరలేదు

తెల్లవారుజామున మామ్మగారు బాత్‌రూముకని లేచారు. నేల తడిగా ఉంది. కాలు జారింది. పడటం మెల్లగానే పడ్డారుగాని, మళ్ళీ లేవలేకపోయారు. ఎడమ కాలు కాస్త పొట్టిగా కనబడుతోంది. పాదం పక్కకి తిరిగిపోయింది. ఎక్స్‌రే తీసి తుంటి దగ్గర ఎముక విరిగిందన్నారు. ఆపరేషను బాగానే జరిగింది. కొద్ది రోజులకే ఇంటికి వచ్చారు.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. "మీరు కదలకండి అత్తయ్యగారూ, మంచినీళ్ళయినా నేనే అందిస్తాను" అంది కోడలు. "ఎముక అతికేదాకా కాలు కింద పెట్టనివ్వకండి" అన్నారు చూడవచ్చిన చుట్టాలు. లేవాలంటే మామ్మగారికీ భయమే. రెండు నెలలు గడిచాయి. ఎక్స్‌రేలో ఎముక చక్కగా అతుకుతోంది. మామ్మగారు మాత్రం ఇద్దరు పట్టుకుంటేగాని నిలబడలేకపోతున్నారు. నడుం కింద పుండు కూడా పడింది.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. ఎవరికీ ప్రేమ తక్కువై ఇలా జరగలేదు. సేవ చెయ్యడమంటే కదలనివ్వకపోవడమే అనుకోవడం వల్ల జరిగింది. విరిగిన ఎముకను సర్జను సరిచేస్తాడు. మనిషిని మళ్ళీ నడిపించేది మాత్రం వ్యాయామమే.

మంచం చేసే కీడు

కండరాలు వాడేకొద్దీ నిలుస్తాయి, వాడకపోతే కరిగిపోతాయి. వయసు మళ్ళినవారిలో ఈ కరగడం మరీ వేగంగా జరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధులను పది రోజులపాటు మంచంమీదే ఉంచి అమెరికాలో పరిశీలించారు. ఫలితాలు 2007లో ప్రకటించారు. ఆ పది రోజుల్లోనే వారి కాళ్ళలో సుమారు కిలో కండ తగ్గిపోయింది! ఏ దెబ్బా తగలనివారి సంగతే అలా ఉంటే, విరిగిన కాలితో రెండు నెలలు పడుకున్నవారి మాట చెప్పాలా?

కండ తగ్గడంతో పోదు. పడుకునే ఉంటే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరవచ్చు, కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టవచ్చు, ఒంటిమీద పుండ్లు పడవచ్చు. మలబద్ధకం, ఆకలి మందగించడం, దిగులు వీటికి తోడవుతాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. చెయ్యి విరిగితే కట్టు కట్టించడం మన ఊళ్ళలో అలవాటే. కాని తుంటి దగ్గర విరిగిన ఎముకకు పైనుంచి కట్టిన కట్టు నిలవదు. చాలామందికి ఆపరేషనే అవసరం. అది ఆలస్యమైనకొద్దీ మంచంమీద గడిపే రోజులు పెరుగుతాయి.

ఎప్పుడు లేవాలి?

"ఆపరేషను జరిగిన మర్నాడే లేపుతామంటున్నారు, ఇదేమి ఘోరం?" అని అడిగేవారున్నారు. ఘోరం కాదు, అదే సరైన పద్ధతి. ఇంగ్లండులో 2011లో వెలువడిన జాతీయ వైద్య సూత్రాలు కూడా, అభ్యంతరమేదీ లేకపోతే, మర్నాడే రోగిని లేపాలని చెబుతున్నాయి. లోపల వేసిన రాడ్డుగాని, మార్చిన కీలుగాని చాలామందిలో ఒంటి బరువును మొయ్యగలుగుతాయి. అయినా కాలిమీద ఎంత బరువు మోపవచ్చో ఆస్పత్రి వదిలేముందు సర్జను నోటనే వినండి. వీలైతే కాగితంమీద రాయించుకోండి.

మొదటి రోజుల్లో

ఇవి పడుకునే చేసేవి. పాదాలను పైకీ కిందికీ ఆడించాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పదేసి సార్లు చేస్తే మంచిది. మోకాలి వెనకభాగాన్ని పరుపుకేసి నొక్కి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పిరుదులు బిగించి వదలాలి. మడమను పరుపుమీద మెల్లగా జరుపుతూ మోకాలు కొద్దిగా వంచి, మళ్ళీ చాపాలి. ఒక్కొక్కటి పదిసార్లు, రోజుకు మూడు పూటలు.

నడిచేటప్పుడు ముందు వాకరు జరపాలి, తరవాత ఆపరేషను కాలు, ఆ తరవాత మంచి కాలు. నొప్పికి డాక్టరు రాసిన మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకుంటే సులువుగా ఉంటుంది.

ఇంటికి వచ్చాక

చాలామంది ఇక్కడే ఆపేస్తారు. నిజానికి పని మొదలయ్యేది ఇప్పుడే. చేతులున్న గట్టి కుర్చీలో కూర్చుని మోకాలు తిన్నగా చాపి, అయిదు లెక్కపెట్టి దించాలి. కుర్చీలోంచి లేచి నిలబడి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. మొదట అయిదుసార్లు చాలు, క్రమంగా పదికి పెంచాలి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించాలి. అలాగే పట్టుకుని కాలిని పక్కకు, తరవాత వెనక్కు చాపాలి. ఇవి తేలికైపోతే, ఫిజియోథెరపిస్టును అడిగి చీలమండకు అరకిలో ఇసుక సంచి కట్టి చెయ్యవచ్చు. తేలికగా ఉన్నదాన్నే ఏళ్ళ తరబడి చేస్తే బలం పెరగదు. కొంచెం కొంచెం కష్టం పెంచాలి.

మెట్ల దగ్గర ఒక చిన్న సూత్రం: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు. చేతికర్ర పట్టుకోవలసింది ఆపరేషను కాలు వైపు కాదు, రెండో చేత్తో.

ఎన్నాళ్ళు చెయ్యాలి? నెలల తరబడి. బోస్టన్ ప్రాంతంలో తుంటి విరిగి, మామూలు చికిత్స పూర్తయిన 232 మంది వృద్ధులమీద జరిగిన పరిశీలన 2014లో వెలువడింది. కుర్చీలోంచి లేవడం, మెట్టెక్కడం వంటి వ్యాయామాలు ఇంటి దగ్గరే ఆరు నెలలు చేసినవారు, చెయ్యనివారికంటే కొంత మెరుగ్గా తిరగగలిగారు. అద్భుతమేమీ జరగలేదు. కాని ఒకరి సాయం లేకుండా స్నానాల గదికి వెళ్ళిరాగలగడం ముసలితనంలో ఎంత పెద్ద వరమో మంచాన పడ్డవారిని అడగండి!

ఇంట్లో మార్పులు

వదులైన నులకమంచం పనికిరాదు. ఎత్తుగా, గట్టిగా ఉన్న పడక కావాలి. కీలు మార్చినవారు డాక్టరు అనుమతించేవరకు గొంతుక్కూర్చోకూడదు, బాసిపట్టు వెయ్యకూడదు, పీటమీద కూర్చోకూడదు. పూజ, భోజనం కుర్చీలోనే కానివ్వండి. ఎత్తయిన కమోడు ఏర్పాటు చెయ్యండి. బాత్‌రూము గోడకు పట్టుకునే కడ్డీ, రాత్రి వెలిగే చిన్న దీపం, తుడిచి ఆరిన నేల తప్పనిసరి. అరిగిన హవాయి చెప్పులు పారెయ్యండి. చీర కుచ్చెళ్ళు, పంచె అంచు కాలికి అడ్డంపడకుండా పైకి కట్టుకోవాలి.

తిండిలో పప్పు, పెరుగు, పాలు, తినేవారికి గుడ్డు రోజూ ఉండాలి. మాంసకృత్తులు లేకుండా ఎంత వ్యాయామం చేసినా కండ పట్టదు. నిలబడ్డచోటినుంచి పడినంతమాత్రాన ఎముక విరిగిందంటే ఎముకలు గుల్లబారి ఉండవచ్చు. దానికి వేరే మందులున్నాయి. రెండో తుంటి విరగకముందే డాక్టరును అడగండి.

ఎప్పుడు ఆపాలి?

వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి సహజం. మర్నాటికీ తగ్గకపోతే మోతాదు తగ్గించండి. పిక్క వాచి నొప్పిపెడుతుంటే నూనె రాసి మర్దన చెయ్యకండి. అది గడ్డకట్టిన రక్తం కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, కుట్లనుంచి చీము, జ్వరం, హఠాత్తుగా కాలు పొట్టిబడి భరించలేని నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

ఇప్పటికే రెండు నెలలు మంచంమీద గడిచిపోయాయే అని దిగులుపడుతున్నారా? 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ళ వయసున్న పదిమంది చేత కాళ్ళకు బరువులతో వ్యాయామం మొదలుపెట్టించారు. ఎనిమిది వారాలు పూర్తిచేసినవారి కాళ్ళ బలం సగటున రెండింతలు దాటింది. తొంభై ఏళ్ళ కండరాలు కూడా మాట వింటాయన్నమాట.

కనుక అమ్మాయిలూ, అబ్బాయిలూ, కోడళ్ళూ! మంచినీళ్ళ గ్లాసు మంచం దగ్గరికి తీసుకెళ్ళకండి. నాలుగడుగుల దూరంలో బల్లమీద పెట్టండి. పక్కనే నిలబడి, చెయ్యందించి, "రండి అత్తయ్యగారూ, మెల్లగా" అనండి. మీరు చెయ్యగలిగిన గొప్ప సేవ అదే.