లైకెను చెప్పిన సాక్ష్యము

మసాలా దినుసులలోని రాతిపువ్వు నిజమునకు పువ్వు కాదు, లైకెను. శిలీంధ్రమును శైవలమును కలిసి చేయు కాపురమే లైకెను. శైవలము ఎండతో అన్నము వండును. శిలీంధ్రము నీడనిచ్చి నీరు నిలుపును. చెట్టు నిలువజాలని ధ్రువసీమలలోను ఈ జంట బ్రదుకును.

దీనికి వేళ్లు లేవు. గాలియు వానయు మంచును తెచ్చినదే దీని ఆహారము. కావున గాలిలో సీసమున్నను నికెలున్నను తనలో నిలుపుకొనును. శాస్త్రజ్ఞులు లైకెనును పరీక్షించి ఆ ప్రాంతపు గాలి గుణమును గ్రహింతురు.

1986 ఏప్రిలు 26వ తేదీన చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రమున ప్రమాదము జరిగినది. సీసియం-137 గాలివెంట పోయి, స్వీడను, నార్వే భూములపై వానతో కురిసినది. నేలనున్న లైకెన్లు దానిని పీల్చినవి. శీతకాలమున వానినే మేయు రెయిన్‌డీరుల మాంసమున అది చేరినది. ఆ మందలే జీవనాధారమైన సామీ జనులు కోసిన మాంసమును పారవేయవలసివచ్చినది. ఆ మాంసమునకు అనుమతించిన హద్దును స్వీడను 1987లో కిలోకు 300 నుండి 1500 బెకరెల్సుకు పెంచినది. ఆ సీసియములో సగము నశించుటకే సుమారు 30 ఏండ్లు పట్టును.

ఎచ్చటనో జరిగిన తప్పునకు మేపరి దండుగ కట్టెను. గాలిలో కలిపినది ఊరకే పోదు. ఎవరి పళ్లెములోనో తేలును. ఆ మాట మనకు ముందుగా చెప్పగలది లైకెనే.