ఆకాశము నుండి తీసిన చిత్రము: అది చెప్పునది, చెప్పనిది

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కోవెలకు 365 మెట్లెక్కి వెనుదిరిగి చూచినచో, క్రింది ఊరంతయు అరచేతిలో నున్నట్లు కనబడును. కొండ లేని చోట సైతము అట్టి చూపును మనకు సమకూర్చునది, దూరము నుండి నడుపబడు చిన్న హెలికాప్టరు. దీనినే నేడు అందరును డ్రోను అనుచున్నారు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో ఇంటి స్థలములు అమ్మువారు ఇట్టి యంత్రముచే తీయించిన చిత్రములను చూపి కొనువారిని ఆకర్షించుట పరిపాటి యైనది. ఆ యంత్రమెట్లు పనిచేయునో, అది తీసిన చిత్రమును ఎంతవరకు నమ్మవచ్చునో మన విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలియజేయుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ యంత్రమునందు మూడు పాత విద్యలు కలిసినవి. మొదటిది నేలను కొలుచుట. 1802లో విలియం లాంబ్టన్ అను దొర మదరాసు చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద సుమారు ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిపించెను. భారతదేశమును త్రికోణములుగా విభజించి కొలిచిన మహాకార్యము ఆ కొలతతో మొదలైనది. రెండవది ఆకాశము నుండి ఛాయాచిత్రము తీయుట. 1858లో ఫ్రాన్సు దేశమున నాదార్ అనునతడు బెలూను నెక్కి దీనిని సాధించెను. మూడవది తీగ లేకుండ యంత్రమును నడుపుట. 1898లో నికోలా టెస్లా న్యూయార్కు నగరమున చిన్న పడవను రేడియో తరంగములతో నడిపి జనులను ఆశ్చర్యపరచెను.

మొదట ఈ పనికి వాడిన బొమ్మ హెలికాప్టర్లకు పైన ఒక పెద్ద పంకా, తోకయందొక చిన్న పంకా ఉండెడివి. వానిని నిలకడగా నడుపుట మిక్కిలి కష్టము. ఇంజను అదురుటచే చిత్రము చెదరుచుండెడిది. నేటి డ్రోనులకు సాధారణముగా నాలుగు పంకాలుండును. రెండు కుడివైపునకును, రెండు ఎడమవైపునకును తిరుగును గనుక యంత్రము తనచుట్టు తాను తిరుగక నిలుచును. వెనుక పంకాల వేగము హెచ్చినచో యంత్రము ముందునకు వంగి ముందునకే సాగును. ఉపగ్రహములనుండి వచ్చు సంకేతములు దానికి తానున్న చోటును తెలుపును. కెమెరాను పట్టియుంచు చట్రము, గాలికి యంత్రము ఊగినను కెమెరాను ఊగనీయదు.

ఇక చిత్రము సంగతి. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా వేసి చూడవలెను. ఎత్తునకు ఒకటిన్నర రెట్లు వెడల్పును చూపు కటకమున్న కెమెరాను 100 మీటర్ల ఎత్తున నిలిపి, నిట్టనిలువుగా క్రిందికి త్రిప్పినచో, 150 మీటర్ల వెడల్పు కనబడును. పొడవు 100 మీటర్లయినచో మొత్తము 15,000 చదరపు మీటర్లు, అనగా సుమారు 3.7 ఎకరములు. ఇచట వాడుకలోనున్న 2,400 చదరపు అడుగుల గ్రౌండు లెక్కలో ఇంచుమించు 67 గ్రౌండ్లు. వెడల్పున 6,000 చుక్కలున్న చిత్రమైనచో, ఒక్కొక్క చుక్క రెండున్నర సెంటీమీటర్ల నేలను చూపును.

అయితే అమ్మకపు చిత్రములు తరచుగా నిట్టనిలువుగా తీసినవి కావు, ఏటవాలుగా తీసినవి. ఏటవాలు చిత్రమున దూరము కుదించుకొని పోవును. నాలుగు కిలోమీటర్ల ఆవలనున్న రైలు స్టేషను పెరటి గోడ ప్రక్కనే యున్నట్లు తోచును. ఇందు అబద్ధము లేదు. చూచు కోణమున నున్న గుణమే యది.

కాలము మరియొక మాయ. మన జిల్లా చెరువుల జిల్లా. కొసస్థలై నది, పూండి జలాశయము, వానితోబాటు ఊరూర చెరువులు కలవు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనములు వానలు కురిపించును. మే నెలలో తీసిన చిత్రమున ఎండిన చెరువు చదునైన మైదానము వలె కనబడును. అచ్చట రంగు రాళ్ళు పాతి దారులు వేసినచో, అది చెరువు గర్భమని ఆకాశము నుండి చూచువా రెవ్వరును గుర్తింపలేరు. నవంబరులో నీరు తన చోటికి తాను వచ్చును.

ఇచ్చట మనవారు ప్రత్యేకముగా జాగ్రత్తపడవలసిన విషయ మొకటి కలదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశ్ నుండి నాటి మదరాసు రాష్ట్రమునకు మారినది. నేడు భూమి పత్రములు తమిళమున నుండును. ఇంట తెలుగు మాటలాడు పెద్దలలో పలువురకు తమిళము వినుట వచ్చును గాని చదువుట రాదు. చిత్రమునకు భాష లేదు. కనుకనే వారు పత్రమును మడిచిపెట్టి చిత్రమును నమ్ముదురు. జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము ఆ నమ్మకము మీదనే ఖర్చగును.

కాబట్టి కొన్ని మాటలు నేర్చుకొనుడు. నంజై యనగా మాగాణి. పుంజై యనగా మెట్ట. ఏరి యనగా ఏరు కాదు, చెరువు. కుళమనగా కులము కాదు, కుంట. ఓడై యనగా వాగు. నీర్‌నిలై పుఱంబోక్కు అనగా నీటి పోరంబోకు. అది ప్రభుత్వపు నేల, కొనదగినది కాదు. విల్లంగ పత్రము ఆ ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషనులను, తనఖాలను తెలుపును. పట్టా, చిట్టా, పొలము కొలతల పటము ప్రభుత్వ వెబ్‌సైటున చూడవచ్చును. 500 చదరపు మీటర్లకు మించిన నేలను ప్లాట్లు చేసి అమ్మువారు 2016 నాటి చట్టము ప్రకారము రెరాయందు నమోదు కావలెను. ఆ సంఖ్య ప్రకటనలో నున్నదో లేదో చూడుడు.

డ్రోను చిత్రము నిరర్థకమని మేము చెప్పుట లేదు. 2020 ఏప్రిల్ 24న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన స్వామిత్వ పథకమున, గ్రామములలోని ఇండ్ల స్థలములను డ్రోనులతోనే కొలుచుచున్నారు. కాని అచ్చట యంత్రము ఎగురుటకు ముందు, గ్రామస్థుల సమక్షమున నేలపై సున్నముతో హద్దులు గీయుదురు. తరువాత ఒకదానిపై ఒకటి వచ్చునట్లు అనేక చిత్రములు తీసి, వానిని సరిచేసి పటముగా కూర్తురు. హద్దును నిర్ణయించునది మనుష్యులు. యంత్రము దానిని చూపును. ఈ క్రమము తలక్రిందులైనచోటనే మోసమునకు తావు.

డ్రోను నెగురవేయుటకును నియమములు కలవు. 2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారము, 250 గ్రాములకు మించిన దానిని వ్యాపారమునకై నడుపువారికి పైలట్ ధ్రువపత్రము ఉండవలెను. మనకు చేరువనే అరక్కోణమున నావికాదళ విమాన స్థావరము కలదు. కావున ఎక్కడ ఎగురవేయవచ్చునో ప్రభుత్వ పటమును చూడనిదే ఎవ్వరును సాహసింపరాదు.

విద్యార్థులారా! మీరు పాఠశాలలో తెలుగును, తమిళమును రెండింటిని నేర్చుచున్నారు. మీ యింట స్థలము కొనవలెనను మాట వచ్చినప్పుడు, చిత్రమును చూచి సంతోషింపుడు; పిమ్మట పత్రమును తెచ్చి, తమిళమున నున్నదానిని అమ్మానాన్నలకు తెలుగున చదివి వినిపింపుడు. వానకాలమున ఒకసారి ఆ నేలపై వారితో కలిసి నడువుడు. ఆకాశము నుండి కానరానిది అడుగు పెట్టినప్పుడు తెలియును.